రాక్షసుల బడిలో నవ్వు

గురుకులమున జరుగు వింతకథలు మనకు క్రొత్తవి కావు. దేవగురువగు బృహస్పతి కుమారుడు కచుడు మృతసంజీవనీ విద్య నేర్చుటకై రాక్షసగురువైన శుక్రాచార్యుని కడకు శిష్యుడై పోయెను. చుట్టు నున్నవారందరు అసురులు, తానొక్కడే పరపక్షమువాడు. వారతనిని చంపిరి. గురుపుత్రిక దేవయాని ప్రార్థింపగా గురువు బ్రతికించెను. మరల చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువుచేతనే త్రావించిరి. నన్నయభట్టు ఆదిపర్వమున చెప్పిన ఈ కథ మన పెద్దలు ఎరిగినదే. ఇప్పుడు మన కంటోన్మెంటు ఇండ్లలో పిల్లలు సెల్‌ఫోను తెరపై చూచి నవ్వుకొనుచున్న జపాను బొమ్మల కథ యొకటి కలదు. దాని సందర్భము ఇంచుమించుగా ఇదియే. మానవబాలుడొకడు రాక్షసుల బడిలో చేరును. అచ్చటివారు మనుష్యులను తినువారు. అయితే అక్కడ ఎవ్వరును అతనిని చంపరు. క్రమముగా అందరును అతనిని ప్రేమింతురు. మనము నవ్వుదుము.

"అనిమే" అని పిలువబడు ఈ జపాను బొమ్మల చిత్రములను పిల్లలు మితిమీరి చూచుచున్నారని తల్లిదండ్రులు చెప్పుకొను మాటలో అసత్యము లేదు. కాని అందులో విమర్శయు లేదు. చూడరాదనుట వేరు, చూచినది ఎట్టిదో తెలిసికొనుట వేరు. నాటకమును చూడకయే నాటకములవారిని నిందించిన పెద్దలు వెనుకటి తరములలోను ఉండిరి. బళ్లారివారమైన మనకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అనిమేలో యుద్ధములును, యంత్రములును, ఘోరవిషాదములును కలవు. వాని నన్నిటిని విడిచి, బడి రంగస్థలముగా, మాయలు మంత్రములు సరుకుగా, హాస్యము ప్రాణముగా గల తేలిక కథలను మాత్రమే ఇచ్చట పరిశీలింప నుద్దేశించితిని. మన పిల్లలు ఎక్కువగా మరగినవి ఇవియే.

జపానువారికి బడిహాస్యము పాత సొత్తు. నత్సుమే సోసెకి 1906లో వ్రాసిన "బొచ్చన్" అను నవల ఒక దూరపు ఊరి పాఠశాలలోని ఉపాధ్యాయుల కలహములతో ఆ దేశమును నవ్వించినది. దానికి మాయను జోడించుట తరువాతి పని. 1970 జనవరి బాలపత్రికలలో మొదలైన "డోరేమాన్"లో భవిష్యత్కాలమునుండి దిగివచ్చిన నీలిపిల్లి, సున్న మార్కులు తెచ్చుకొను నోబితాకు తన సంచిలోని వింత వస్తువులను తీసి యిచ్చును. అది 2005 నుండి హిందీ మాటలాడుచు మన టెలివిజనులలోనికిని వచ్చినది. 1978లో రుమికో తకహాషి అను రచయిత్రి "ఉరుసెయ్ యత్సురా" అను కథలో కొమ్ములు గలిగి పులిచర్మము ధరించిన రాక్షసకన్యను మానవుల బడికి తెచ్చెను. మనకు హిడింబ కలదు గాని, ఆమెను భీముని వెంట బడికి పంపవలెనని ఏ కవికిని తోచలేదు!

మొదట ప్రస్తావించిన కథ ఓసాము నిషి కల్పించినది. 2017లో ఒక వారపత్రికలో బొమ్మల కథగా మొదలై, 2019 అక్టోబరు నుండి ఎన్.హెచ్.కె. వారి విద్యాప్రసారములలో అనిమేగా వచ్చినది. ఇరుమా పదునాలుగేండ్ల బాలుడు. అతని తల్లిదండ్రులు సోమరులు, స్వార్థపరులు. పసితనము నుండియు కొడుకుచేత పనులు చేయించి బ్రతికినవారు, తుదకు అతనిని ఒక వృద్ధరాక్షసునకు అమ్మివేయుదురు. ఆ రాక్షసుడు కొన్నది తినుటకు కాదు, తనకు మనుమడు లేని కొరత తీర్చుకొనుటకు! సలివన్ అను ఆ తాత తాను అధ్యక్షుడుగా నున్న బాబిల్స్ పాఠశాలలో మనుమని చేర్పించును. ఆ బడిపాటలోనే మనుష్యులను భక్షించు ముచ్చట కలదు. కావున తాను మనిషి నన్న సంగతి పొక్కకుండ ఇరుమా మెలగవలెను.

అతడు కోరునది యొక్కటే: ఎవరి కంటను పడకుండ ఒక మూల కూర్చుండుట. కథ నడచునది ఆ కోరిక తలక్రిందులగుటలోనే. మొదటి దినముననే తాతగారి మురిపెము వలన సభామధ్యమున నిలువవలసి వచ్చును. అస్మోదియస్ ఆలిస్ అను గర్విష్ఠియగు ఉత్తమ విద్యార్థి ద్వంద్వయుద్ధమునకు పిలుచును. ఇరుమాకు తెలిసిన విద్య తప్పించుకొనుట మాత్రమే. కష్టముల నడుమ పెరిగినవాడు గనుక అది బాగుగా తెలియును. తప్పించుకొని తప్పించుకొని తుదకు గెలుచును. ఓడినవాడు ఆ దినమునుండి నీడవలె వెంబడించు మిత్రుడగును. తరువాత, ప్రతి విద్యార్థియు తనకొక సేవకభూతమును రప్పించుకొను క్రతువు వచ్చును. ఇరుమా మంత్రమునకు భూతము రాదు. ఎదుట నిలిచి పరీక్షించుచున్న కఠినోపాధ్యాయుడు కలెగోయే చిన్న బొచ్చుపిట్ట రూపమున ప్రత్యక్షమై, శిష్యునకు సేవకుడగును. ఆ పంతులుగారి మొగమునందలి అవమానమును చూచి నవ్వని విద్యార్థి ఏ దేశమందును ఉండడు.

ఇట్టి కథల ఆకర్షణమునకు మూలమేది? అద్భుతమును చిన్న అవసరములకు కొలతవేసి పంచుటయే యని నా యభిప్రాయము. మన జానపద కథలలో మంత్రదండము దొరకినవాడు రాజ్యమును కోరును, రాకుమారిని కోరును. నోబితా ఇంటిపాఠము తప్పించుకొనుటను కోరును. ఇరుమా కడుపునిండ తిండిని, తోడు కూర్చుండు ఇద్దరు స్నేహితులను కోరును. పిల్లల కోరికల కొలత నిజముగా అంతే. పెద్దలు తమకు బోధించు మహాశయములకంటె మధ్యాహ్నపు డబ్బాలో ఏమున్నదన్న ప్రశ్న వారికి దగ్గరిది. రెండవది, ఇక్కడ ఓటమికి శిక్ష స్వల్పము. మన పిల్లల చదువును చూడుడు. ఎస్.ఎస్.ఎల్.సి., పి.యు.సి., ఆపై ప్రవేశపరీక్ష, నడుమ నడుమ ట్యూషను. ఒక మార్కు తగ్గిన ఇంటిల్లిపాదియు నిట్టూర్చును. అట్టి బాలునకు, మంత్రము తప్పి బడి పైకప్పు ఎగిరిపోయినను మరునాడు ఉదయము గంట యథాప్రకారము మ్రోగు పాఠశాల స్వర్గమువలె కనబడుటలో వింత యేమున్నది? జపాను బాలుర కష్టములు మనకంటె తక్కువవి కావు. పరీక్షలతో నలిగిన దేశముననే ఈ నవ్వు పుట్టినది.

మన సాహిత్యమున రాక్షసుల బడి మరొకటి కలదు. చండామార్కులు ప్రహ్లాదునకు రాజనీతి చెప్పుదురు; గురువులు ఇంటిపనులకు పోయిన వేళ చూచి ప్రహ్లాదుడు తోడి దైత్యబాలురకు వేరొక పాఠము చెప్పును. పంతులు లేని తరగతిలో ఏమి జరుగునో భాగవతకర్త ఎరుగును! కాని అక్కడ హాస్యపు మెరుపు తోచినను, హిరణ్యకశిపుని క్రోధము దానిని వెంటనే మ్రింగివేయును. కచుని కథలో నవ్వునకు చోటే లేదు.

నవ్వుల బడి కావలసిన పరమానందయ్యగారి ఇంటికి పోవలెను. ఆ శిష్యులు సూదిని తెమ్మన్న తాటిమొద్దునకు గ్రుచ్చి అందరును కలిసి మోసికొని వచ్చినవారు. ఏరు దాటి తమ్ము లెక్కించుకొనునప్పుడు లెక్కపెట్టువాడు తన్ను మరచుటచే ఒకడు మునిగిపోయెనని ఏడ్చినవారు. తమిళదేశమున బెస్కీ అను ఇటలీ మతాచార్యుడు పదునెనిమిదవ శతాబ్దిలో వ్రాసిన పరమార్థగురువు కథకును దీనికిని చుట్టరికము కలదు. 1966లో సి. పుల్లయ్యగారి దర్శకత్వమున ఈ శిష్యులు వెండితెర కెక్కి మరల నవ్వించిరి. అయినను ఇందొక భేదము గమనింపదగినది. పరమానందయ్య శిష్యులను చూచి మనము పైనుండి నవ్వుదుము. వారు మూఢులు, మనము కాము; ఆ తృప్తి నవ్వులో సగపాలు. ఇరుమాను చూచి నవ్వునప్పుడు మనము అతని ప్రక్క బల్లపై కూర్చుండి నవ్వుదుము. అతని భయము మన భయమే. ఈ ప్రక్కనుండి నవ్వుటను జపాను కథకులు నేర్పుతో సాధించిరి. మన బాలసాహిత్యమున అది కొరవడినదని ఒప్పుకొనుటలో అవమానము లేదు. 1947 జూలైలో పుట్టి, దశాబ్దములపాటు ఇంటింట వెలిగి, తుదకు ఆగిపోయిన "చందమామ"లో కూడ భూతములు, మాంత్రికులు, రాజకుమారులు దండిగా కనబడుదురు గాని, ఇంటిపాఠము చేయని సామాన్యపు బడిపిల్లవాడు నాయకుడగుట అరుదు.

మనవారి గెలుపు వేరొకచోట కలదు. 1957 మార్చిలో విడుదలయైన విజయావారి "మాయాబజార్"ను చూడుడు. కె.వి. రెడ్డిగారి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావుగారి మాటలు. ఘటోత్కచుని ఆశ్రమమున చిన్నమయ్య గురుస్థానమున నుండగా, శిష్యరాక్షసుల నోట సంయుక్తాక్షరములు విరిగి ముక్కలగును. లేని మాటలు పుట్టును. అట్లు మాటలు పుట్టించినవానిని మందలింపక ఘటోత్కచుడు మెచ్చుకొనును. ఇది నిండైన రాక్షసపాఠశాలా హాస్యము. జపానువారికంటె ముందే మనవారు దీనిని చేసి చూపిరి. ఇచ్చట నవ్వు తెరపై నున్నది కాదు, చెవిలో నున్నది. షకారమునకు టకారము అంటుకొనవలసిన చోట అంటుకొనకపోవుటలో నున్నది. తెలుగు అక్షరమాల తెలిసినవానికే అది దక్కును.

ఇరుమా కథ పక్కన పెట్టి చూడదగిన మరొక చిత్రము "లిటిల్ విచ్ అకాడెమియా". ఆ దేశపు సాంస్కృతిక వ్యవహారశాఖ తోడ్పాటుతో యువచిత్రకారుల శిక్షణకై నడచిన పథకము క్రింద ట్రిగ్గర్ సంస్థవారు యో యోషినారి దర్శకత్వమున 2013లో దీనిని చిన్న చిత్రముగా తీసిరి. అది నచ్చి, రెండవ చిత్రమునకు లోకమందలి ప్రేక్షకులే చందాలిచ్చిరి. 2017లో ఇరువదియైదు భాగముల ధారావాహికముగా పెరిగినది. అక్కో అను బాలిక మంత్రగత్తెల కుటుంబమున పుట్టినది కాదు. చిన్ననాడు షైనీ చారియట్ అను మంత్రగత్తె వేదికపై చేసిన ప్రదర్శనమును చూచి మురిసి, తానును అట్లు కావలెనని లూనా నోవా విద్యాలయమునకు వచ్చినది. చీపురుకట్టపై ఎగురుట కూడ ఆమెకు చేతకాదు. వంశవిద్య గల డయానా వంటివారి నడుమ ఆమె నవ్వులపాలగును. అంతకంటె కష్టము మరొకటి: ఆమె పూజించు చారియట్‌ను విద్వాంసురాండ్రు మంత్రవిద్యను ఆటగా దిగజార్చిన దానినిగా చులకనచేయుదురు. ఆ చారియట్టే పేరు మార్చుకొని, కండ్లద్దములు పెట్టుకొని, అదే బడిలో తడబడు ఉపాధ్యాయినియై యున్నదని అక్కోకు తెలియదు.

బళ్లారివాడు ఈ కథను చూచినప్పుడు ఊరకుండలేడు. విద్య గొప్పదా, వేదిక గొప్పదా యన్న తగవు మన ఊరిలో నూరేండ్లకు పైబడి వినబడినది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు న్యాయవాది. సరసవినోదినీ సభను నెలకొల్పి తామే నాటకములు వ్రాసి ఆడించిరి. సుమనోరమ సభకు ప్రాణమైన కోలాచలము శ్రీనివాసరావుగారును న్యాయవాదియే. 1880లో పుట్టి 1946లో గతించిన బళ్లారి రాఘవగారును న్యాయవాదియే. ఆటగాండ్రని లోకము తేలికగా చూచు పనికి చదువుకొన్న పెద్దమనుష్యులు పూనుకొనిరి. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని రాఘవగారు పట్టుబట్టినప్పుడు ముక్కుపై వ్రేలు వేసికొన్నవారు ఎందరో. ఆటను ఆట యని తీసిపారవేయరాదని అక్కో ఇరువదియైదు భాగములలో నిరూపింప జూచినది. ఆ సంగతిని బళ్లారి వేదిక అంతకు చాల ముందే నిరూపించినది. మన పిల్లలకు అక్కో తెలియును; రాఘవ కళామందిరము ముందునుండి పోవుచు ఆ రాఘవ ఎవరని అడుగుదురు. తప్పు వారిది కాదు.

ఈ చిత్రములలో లోపములు లేవని నేననను. చాల కథలలో కాలము నడువదు. ఏండ్లు గడచినను అదే తరగతి, అవే బల్లలు. దీనిని కొందరు సౌఖ్యమందురు గాని, ఎదుగుట యనునది లేని పాత్రను ఎంతకాలమని ప్రేమింతుము? తక్కువరకపు చిత్రములలో బడిపిల్లల దేహములను చూపరులకు ఎరగా చూపు జుగుప్సాకరమైన అలవాటు కలదు. ఇంట చూచు తల్లిదండ్రులు దానిని కనిపెట్టి విడదీయవలెను. అన్నిటిని ఒకే గాట కట్టి నిషేధించుట సులభము. విడదీయుటయే కష్టమైన పని. ఇరుమా కథలోనే నాకు ముల్లువలె గ్రుచ్చుకొను సంగతి యొకటి యున్నది. కన్నవారే కొడుకును అమ్ముట యను ఘోరమును కథ మొదటి నిమిషములలోనే నవ్వుగా మార్చి ముందుకు పోవును. కచునికి పొందిన విద్యకు వెల కట్టవలసి వచ్చినది. దేవయాని ప్రేమను కాదన్నందులకు ఆ విద్య తన చేతిలో ఫలింపదన్న శాపమును మోసికొని ఇంటికి పోయెను. ఇరుమాకు దొరకిన ప్రేమ వెల లేనిది. పిల్లలకు అట్టి కథయు కావలెను. అట్టిది మాత్రమే చాలదు.

ఇరుమా దాచుకొనును, అక్కో దాచుకొనదు. మన కుటుంబములకు ఈ చిత్రములు దగ్గరగుట ఇచ్చటనే. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినప్పటినుండి ఇక్కడి తెలుగుబిడ్డ ఇంట ఒక మాట, వీధిలో ఒక మాట, బడిలో మరొక మాట మాటలాడుచు పెరుగుచున్నాడు. పోలికను మితిమీరి సాగదీయరాదు; మన కన్నడసోదరులు రాక్షసులు కారు, వారి పిల్లలతో మన పిల్లలకు పొత్తే గాని పోరు లేదు. అయినను తరగతిలో పేరు పిలిచినప్పుడు ఇంటిపేరును మ్రింగివేయు పిల్లవానిని, అమ్మ బడి వాకిట తెలుగున కేకవేసిన తల వంచుకొను పిల్లను మనమందరము ఎరుగుదుము. రహస్యము బయటపడునేమో యని ఇరుమా గుండె కొట్టుకొనునప్పుడు వారి గుండెయు కొట్టుకొనును. రెండు కథలలో నేను అక్కో పక్షము. ఇరుమా స్నేహితులు ఎంత మంచివారైనను, ఎదుటివాడు ఎవరో తెలియకయే అతనిని ప్రేమించుచున్నారన్న చిన్న చేదు ఆ నవ్వు అడుగున మిగిలిపోవును. అక్కో తాను ఏ యింటిపిల్లయో చెప్పి, తప్పులు చేసి, తిట్లు తిని, స్నేహితులను సంపాదించును. ఆమెకు దక్కినది తక్కువైనను ఆమెదే.

భాష సంగతి మరింత లోతైనది. మన పిల్లలు ఈ చిత్రములను జపాను మాటలతో, క్రింద ఇంగ్లీషు అక్షరములతో చూతురు. లేకున్న హిందీలో చూతురు. వారి నోట "సెన్‌పాయ్" అని, "బాకా" అని మాటలు వినబడుచున్నవి. "బాకా" యన్న జపానులో మూర్ఖుడని అర్థమట. మనకు బాకా ఊదువారు వేరు, మూర్ఖులు వేరు, ఒక్కొక్కప్పుడు ఇద్దరును ఒకరే! ఇది నవ్వి పోవదగిన సంగతి. కాని పండుగనాడు ఇంటిల్లిపాదియు "మాయాబజార్" చూచుచుండగా, లడ్డూలు ఎగిరి నోట పడినప్పుడు నవ్విన పిల్లలు, సంయుక్తాక్షరము విరిగినప్పుడు నవ్వక పెద్దల మొగము చూచుట నవ్వి పోవదగినది కాదు. అవ్వ నవ్విన మాటకు మనుమడు నవ్వడు. మనుమడు నవ్విన బొమ్మకు అవ్వ నవ్వదు. ఒకే చాపపై కూర్చుండి వేర్వేరు వేళల నవ్వుచున్నారు. భాష పోవుట యనగా పద్యములు పోవుట యని మన సభలలో వాపోవుదుము. పద్యమును పుస్తకమున దాచవచ్చును. కలిసి నవ్వు నవ్వును ఎచ్చట దాతుము?

జపాను పిల్లవానికి మాత్రము ఇరుమా కథ చెవిలోకూడ నవ్వును పుట్టించును. కథ పేరులోనే శ్లేష యున్నది. "మైరిమషిత" యన్న వినయముతో "వచ్చితిని" అనియు, "ఓడిపోతిని" అనియు అర్థములు. దానిని వ్రాయునప్పుడు మొదటి అక్షరమునకు రాక్షసార్థము గల చిత్రాక్షరమును వాడుటచే "రాక్షసులలో చేరితిని" అను మూడవ అర్థము వచ్చును. పింగళివారు వినియుండిన సంతోషించెడివారు. ఇంగ్లీషున "రాక్షసపాఠశాలకు స్వాగత" మని పేరు మార్చిరి, శ్లేష పోయినది. హిందీలోనో ఇంగ్లీషులోనో చూచు మన పిల్లలకు దక్కునది ఆ మిగిలినదే.

ఇంట పెద్దవారు పిల్లల ప్రక్కన కూర్చుండి ఒక్క భాగమునకైనను తెలుగుమాటలు కల్పించి చూతురేని ఈ శ్లేషలు కొన్ని మనకును చిక్కును. ఆ పేరునే తీసికొనుడు. ఇరుమా రాక్షసుల బడికి పోయినాడు. పోయి, విడదీయరాని చిక్కులో పడినాడు. మన భాషలో ఈ రెంటిని ఒక్కమాటలో చెప్పవచ్చును: "చిక్కుబడి పోయినాడు." నడుమ ఎక్కడ విరిచి పలుకుదురో దానినిబట్టి నవ్వు వచ్చును. బడికి పోవు ఏ పిల్లవానికైనను దీనికి వేరే వ్యాఖ్యానము అక్కరలేదు, అవ్వకును అక్కరలేదు.